గాజు గ్లాసుల నాదం కోసం ఏ వర్చువల్ వాయిద్యం తీసుకోవాలి?

రెండేళ్ళ కిందట ఒక షార్ట్ ఫిల్మ్‌కి రీరికార్డింగ్ చేస్తున్నాను. నిద్రపోతున్న పాపను చూస్తూ తల్లి ఒక్కతే కూర్చుని ఉండే సీను. దర్శకుడు నా పక్కన కూర్చుని, "తడి వేలితో గ్లాసు అంచు మీద రుద్దితే ఒక సౌండ్ వస్తుంది చూడన్నా, అది కావాలి" అన్నాడు. కీబోర్డులో క్రిస్టల్ అనే పేరుతో ఉన్న టోన్ పెట్టి వినిపించాను. "ఇది గంట అన్నా, గ్లాసు కాదు" అన్నాడు. అతను చెప్పింది నిజం. గంట కొట్టగానే మోగి, ఆ క్షణం నుంచే తగ్గిపోతుంది. గ్లాసు నాదం ఎక్కడ మొదలైందో తెలియకుండా మొదలై, పెరిగి, నిలబడి, సన్నగా ఊగుతుంది.

ఆ తర్వాత నెల రోజులు అదే పనిగా గ్లాసు లైబ్రరీలు, అంటే అసలు వాయిద్యాన్ని స్వరం స్వరం రికార్డు చేసి కీబోర్డుతో పలికించేలా అమర్చిన వర్చువల్ వాయిద్యాలు, వాయించి చూశాను. ఉచితంగా దొరికినవి దించుకున్నాను, ఒకటి డబ్బు పెట్టి కొన్నాను, చివరికి ఇంట్లో గ్లాసులు పెట్టి నేనే ఒకటి రికార్డు చేసుకున్నాను. ఇంట్లో చిన్న సెటప్‌తో పాటలు, షార్ట్ ఫిల్ములు చేసుకునేవాళ్ళు నాలాగే చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఆ నెల రోజుల తిరుగుడు తగ్గుతుందని ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గ్లాసు లైబ్రరీని ఎన్ని జీబీలు ఉందో, ఎన్ని ప్రీసెట్లు (ముందే సిద్ధం చేసి ఇచ్చిన టోన్లు) ఉన్నాయో చూసి ఎంచుకోకండి. స్వరం ఎలా పుడుతోందో, పుట్టాక ఎలా ఊగుతోందో వినండి. ఈ రెండూ సరిగ్గా ఉంటే మిగతా లోపాలు మిక్సింగ్‌లో సర్దుకోవచ్చు. ఇవి తప్పితే ఎంత రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) పోసినా అది గ్లాసు అనిపించుకోదు.

ఏ గాజు వాయిద్యం కావాలి?

గ్లాస్ అని పేరు పెట్టి అమ్మే లైబ్రరీల్లో కనీసం మూడు నాలుగు వేర్వేరు వాయిద్యాలు ఉంటాయి. వాటి నాదం ఒకటి కాదు. ఇది తెలియక నేను మొదటి వారం మొత్తం పోగొట్టుకున్నాను.

మొదటిది మామూలు గ్లాసుల వరస. దీన్ని గ్లాస్ హార్ప్ అంటారు. కాడ ఉన్న పల్చటి గ్లాసుల్లో వేర్వేరు ఎత్తుల్లో నీళ్ళు పోసి శ్రుతి చేస్తారు. తడి వేలిని అంచు మీద గుండ్రంగా తిప్పుతారు. 18వ శతాబ్దపు ఐరోపాలో ఇది పెద్ద వేడుక. ఐర్లండ్‌కు చెందిన రిచర్డ్ పాక్రిచ్ దీన్ని జనంలోకి తెచ్చాడు. ఒపెరాలతో పేరు తెచ్చుకున్న గ్లక్ 1746లో లండన్‌లో 26 గ్లాసులతో కచేరీ చేశాడు. 20వ శతాబ్దంలో జర్మనీకి చెందిన బ్రూనో హోఫ్‌మన్ దాదాపు మరుగున పడిన ఈ కళను మళ్ళీ వేదిక ఎక్కించాడు.

రెండోది గ్లాస్ ఆర్మోనికా. లండన్‌లో గ్లాసుల సంగీతం విన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1761లో దీన్ని తయారు చేయించాడు. నీళ్ళు పోసి శ్రుతి చేసే పని లేకుండా, ఒక్కో స్వరానికి సరిపోయేలా ఊదిన 37 గాజు గిన్నెలను ఒకదానిలో ఒకటి ఇమిడేలా ఒక ఇనుప కడ్డీకి గుచ్చాడు. కాలితో తొక్కితే కడ్డీ తిరుగుతుంది. వేళ్ళు కదలనక్కర్లేదు, గాజే వేళ్ళ కింద తిరుగుతుంది. 37 గిన్నెలంటే సరిగ్గా మూడు స్థాయిలు. అన్నీ పక్కపక్కనే ఉండడం వల్ల రెండు చేతులతో నాలుగైదు స్వరాలు కలిపి పట్టవచ్చు. 1791లో మొజార్ట్ తన చివరి నెలల్లో ఈ వాయిద్యానికి, ఫ్లూట్, ఓబో, వియోలా, చెల్లోలకు కలిపి ఒక కృతి రాశాడు. దాని సంఖ్య కె. 617. మరియానె కిర్ష్‌గెస్నర్ అనే చూపులేని విద్వాంసురాలి కోసం రాసినది అది. లైబ్రరీ కొనే ముందు దాన్ని ఒక్కసారి వినమని ప్రతి ఒక్కరికీ చెబుతాను. అసలు వాయిద్యం ఏం చేయగలదో చెవికి తెలిస్తే, డెమో వీడియోల రివర్బ్‌లో మునిగిపోకుండా ఉంటాం.

ఈ రెండింటికీ వినికిడిలో ఉన్న తేడా గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎంపిక అంతా దాని మీదే నిలబడుతుంది. గ్లాసు మోగుతున్నప్పుడు దాని అంచు గుండ్రంగా ఉండదు. ఒకసారి ఇటు, ఒకసారి అటు కోలగా సాగుతూ ఉంటుంది. అంచు చుట్టూ నాలుగు చోట్ల కంపనం ఎక్కువ, వాటి మధ్య నాలుగు చోట్ల దాదాపు సున్నా. వేలు తిరిగితే ఈ అమరిక కూడా వేలి వెంటే తిరుగుతుంది. అందుకని ఒకచోట పెట్టిన మైకుకి, వేలు ఒక చుట్టు తిరిగేసరికి నాదం నాలుగుసార్లు పెరిగి తగ్గినట్టు వినిపిస్తుంది. సెకనుకు ఒక చుట్టు తిప్పితే సెకనుకు నాలుగు ఊపులు. మనం "గ్లాసు సౌండ్" అని గుర్తుపట్టేది చాలావరకు ఈ ఊపునే. ఆర్మోనికాలో వేలు ఒకేచోట ఉండి గాజు తిరుగుతుంది కాబట్టి ఈ ఊపు బాగా తగ్గి, నాదం ఆర్గన్ మాదిరి సాఫీగా సాగుతుంది.

కాబట్టి ఒక్కటే స్వరం, దగ్గరగా, మనిషి వేలు తెలిసేలా కావాలంటే గ్లాస్ హార్ప్ శాంపిళ్ళు, అంటే రికార్డు చేసిన స్వరాలు, వెతకండి. కార్డులు (కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి) పట్టాలి, నిండుగా ఉండాలి అంటే ఆర్మోనికా. మా దర్శకుడు అడిగింది మొదటిది. నేను మొదట కొన్నది రెండోది.

మూడోది క్రిస్టల్ బాషే. 1952లో బెర్నార్, ఫ్రాన్స్వా బాషే అనే ఫ్రెంచ్ అన్నదమ్ములు చేశారు. గాజు కడ్డీలను తడి వేళ్ళతో నిమిరితే ఆ కంపనం లోహపు భాగాల్లోకి వెళ్ళి పెద్ద రేకుల నుంచి బయటికి వస్తుంది. గాజు అని పేరే కానీ, నాదంలో లోహం బరువు ఉంటుంది. సస్పెన్స్, సైన్స్ ఫిక్షన్ సీన్లకు ఇది అద్భుతం. జోలపాటకు మాత్రం పనికిరాదు. గాజు గొట్టాలతో చేసే వెరోఫోన్ అనే వాయిద్యం కూడా ఉంది. అది కొన్ని పెద్ద ఆర్కెస్ట్రా లైబ్రరీల్లో కనిపిస్తుంది.

మన జలతరంగం ఉండగా ఇవన్నీ ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్న. జలతరంగంలోనూ నీళ్ళతోనే శ్రుతి చేస్తాం. కానీ అవి పింగాణీ గిన్నెలు, సన్నటి కర్రలతో కొడతాం. కొట్టగానే స్వరం పుట్టి వెంటనే తగ్గుతుంది. వేగంగా వాయించే స్వరాలకు, పండగ వాతావరణానికి అది సరిపోయినట్టు గ్లాసు సరిపోదు. నిలిచే నాదం కావాలంటే గ్లాసు కావాలి. పేరులో నీళ్ళు, గ్లాసు అని ఉన్నంత మాత్రాన ఒకదాని బదులు ఇంకొకటి కొనకండి. కొన్ని లైబ్రరీల్లో గ్లాసులను కర్రతో కొట్టిన శాంపిళ్ళే ఉంటాయి. రుద్దినవా, కొట్టినవా అన్నది వివరాల్లో చూసుకోవాలి.

దొరికే దారులు

డబ్బు పెట్టి కొనే పూర్తి లైబ్రరీల్లో నేను పేరు చెప్పి సిఫారసు చేయగలిగేది సోనిక్‌కూచర్ వాళ్ళ గ్లాస్/వర్క్స్. ఇందులో ఫ్రాంక్లిన్ ఆర్మోనికా, క్రిస్టల్ బాషే రెండూ ఉన్నాయి. వాటితో పాటు హ్యారీ పార్చ్ అనే అమెరికన్ స్వరకర్త పెద్ద పైరెక్స్ సీసాలను కోసి చేసిన క్లౌడ్ చేంబర్ బౌల్స్ కూడా ఉన్నాయి. బౌల్స్ కొట్టి వాయించేవి. ఆర్మోనికా, క్రిస్టల్ రుద్ది వాయించేవి. అంటే ఒకే కొనుగోలులో మూడు రకాల గాజు వస్తుంది. సినిమా రీరికార్డింగ్ వృత్తిగా చేసేవాళ్ళకు ఇది సరైన పెట్టుబడి అని నా నమ్మకం. ఏడాదికి ఒక్క పాటలో వాడేవాళ్ళకు అంత అవసరం లేదు.

ఇలాంటి లైబ్రరీలు కాంటాక్ట్ అనే శాంప్లర్‌లో, అంటే శాంపిళ్ళను వాయించే సాఫ్ట్‌వేర్‌లో, నడుస్తాయి. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. కాంటాక్ట్ ప్లేయర్ ఉచితం, పూర్తి కాంటాక్ట్ ఖరీదైనది. ప్లేయర్ కోసం లైసెన్సు తీసుకోని లైబ్రరీని ప్లేయర్‌లో తెరిస్తే 15 నిమిషాలు పనిచేసి ఆగిపోతుంది. నేను కొన్న మొదటి లైబ్రరీకి పూర్తి వెర్షన్ కావాలని అమ్మకం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నేను చూడలేదు. డబ్బు వెనక్కి రాలేదు. రికార్డింగ్ గడువు దగ్గర పడిన టెన్షన్‌లో ఇలాంటివి కొంటే చూపు తప్పుతుంది. కాబట్టి ఏ లైబ్రరీ అయినా సరే, మొదట చదవాల్సింది "ఏ వెర్షన్ కావాలి" అన్న వాక్యం. డెమో పాట తర్వాత వినొచ్చు.

ఉచితంగా దొరికేవాటిలో వెర్సిలియన్ కమ్యూనిటీ శాంపిల్ లైబ్రరీ నాకు బాగా ఉపయోగపడింది. ఎన్నో వాయిద్యాలున్న ఆ సంగ్రహంలో వైన్ గ్లాసు శాంపిళ్ళు కూడా ఉన్నాయి, నెమ్మదిగా మొదలయ్యే రకం వేరుగా ఉంది. దాని లైసెన్సు సీసీ జీరో. అంటే సినిమాలో వాడినా, పాటలో వాడినా, ముక్కలు చేసి మార్చినా ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్వరాలు తక్కువ, సౌకర్యాలు తక్కువ, కానీ గాజు నిజమైన గాజు. ప్లోగ్ వాళ్ళ స్ఫోర్జాండో, లేదా డీసెంట్ శాంప్లర్ వంటి ఉచిత ప్లేయర్లు కంప్యూటర్‌లో ఉంటే ఇలాంటివి వాయించుకోవచ్చు. పియానోబుక్ అనే సైట్‌లో ప్రపంచం నలుమూలల నుంచి జనం సొంతంగా రికార్డు చేసి పెట్టిన వాయిద్యాలుంటాయి. గ్లాసు, గిన్నె లాంటివి కూడా అక్కడ తారసపడతాయి. ఒకటి బాగుంటుంది, ఒకటి ఉండదు, వినాల్సిందే. ఫ్రీసౌండ్ నుంచి ఒక్కో శాంపిల్ తీసుకునేటప్పుడు మాత్రం ఒక్కోదాని లైసెన్సు విడిగా చూడాలి. కొన్నిటికి పేరు వేయాలి, కొన్నిటిని డబ్బు వచ్చే పనుల్లో వాడకూడదు.

ఇక శాంపిళ్ళు అసలే లేకుండా, గాజు మోగే తీరును లెక్కలతో పుట్టించే పద్ధతి ఉంది. దాన్ని ఫిజికల్ మోడలింగ్ అంటారు. పెర్రీ కుక్, గేరీ స్కావోన్ చేసిన సింథసిస్ టూల్‌కిట్‌లో బ్యాండెడ్ వేవ్‌గైడ్ అనే మోడల్ ఉంది. అందులో ఒక ప్రీసెట్ గ్లాస్ హార్మోనికా, ఇంకొకటి టిబెటన్ గిన్నె. చక్ అనే ఉచిత సంగీత ప్రోగ్రామింగ్ భాషలో దీన్ని నేరుగా వాడుకోవచ్చు. ఒత్తిడి, వేగం మారుస్తూ పోతే గాజు పలికీ పలకని ఆ మొదటి క్షణం ఎలా పుడుతుందో కళ్ళకు కట్టినట్టు అర్థమవుతుంది. నేను దీన్ని ఏ పాటలోనూ వాడలేదు, కానీ శాంపిల్ లైబ్రరీలో ఏం లోపించిందో నాకు నేర్పింది ఇదే. మ్యాక్‌లో లాజిక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు స్కల్ప్చర్ అనే సింథసైజర్ ఉంది. అందులో పదార్థం ఎంచుకునే చదరానికి ఒక మూల గాజు. అయితే అది తీగ మోడల్. కాబట్టి గాజు తీగను కమానుతో రుద్దినట్టు ఉంటుంది. అందంగా ఉంటుంది, గ్లాసు మాత్రం కాదు.

ఆఖరిది అందరి కీబోర్డులోనూ ఉన్న ప్యాడ్, అంటే వెనకాల పరిచే నిలుపు టోన్. కీబోర్డులన్నిటికీ ఉమ్మడిగా ఉండే టోన్ల జాబితా జనరల్ మిడి వరసలో 93వ నంబరు బోడ్ ప్యాడ్, కొన్ని కీబోర్డుల్లో బోడ్ గ్లాస్ అని కూడా ఉంటుంది. డైలాగుల కింద పల్చగా పరిచే పని అయితే ఇది చాలు. ప్రేక్షకుడు దాన్ని విడిగా వినడు. దీనికి డబ్బు ఖర్చు పెట్టాల్సిన పని లేదని గట్టిగా చెబుతాను.

కొనే ముందు చెవితో చేసే పరీక్షలు

ట్రయల్ ఉంటే దించుకోండి, లేకపోతే రివర్బ్ లేకుండా వాయించిన వీడియో కోసం వెతకండి. మొదట చేయాల్సిన పని రివర్బ్, డిలే అన్నీ ఆపేయడం. తర్వాత మధ్య స్థాయిలో ఒక్క స్వరం నొక్కి అర నిమిషం పట్టుకోండి. కళ్ళు మూసుకుని వినండి. ఏడెనిమిది సెకన్లకు ఒకసారి అదే చిన్న శబ్దం మళ్ళీ మళ్ళీ వస్తోందంటే అక్కడ లూప్ ఉంది, అంటే శాంపిల్‌లో ఒక ముక్కనే తిప్పి తిప్పి వినిపిస్తున్నారు. గ్లాసు నాదం చాలా శుభ్రంగా ఉంటుంది కాబట్టి లూప్ అతుకు దాచుకోవడానికి చోటు ఉండదు. వయొలిన్‌లో అయితే కమాను చప్పుడులో అతుకు కలిసిపోతుంది, ఇక్కడ కలవదు.

రెండో పరీక్ష ఊపు గురించి. ఒక్కో మెట్టు పైకి వెళ్తూ నెమ్మదిగా వాయించండి. ఖర్చు తగ్గించడానికి చాలామంది ప్రతి స్వరానికీ గ్లాసు రికార్డు చేయరు. ఒక స్వరాన్ని రికార్డు చేసి, పైన మూడు, కింద మూడు మెట్లకు సాగదీస్తారు. మూడు అర్ధస్వరాలు పైకి సాగదీస్తే టేపు వేగం పెంచినట్టే, నాదం 19 శాతం వేగంగా నడుస్తుంది. సెకనుకు నాలుగు ఊపులున్నది దాదాపు అయిదు అవుతుంది. ఆ పక్క మెట్టులో కొత్త శాంపిల్ మొదలై, ఊపు ఒక్కసారిగా నాలుగు లేదా మూడుకు పడిపోతుంది. ఒక్క స్వరం విన్నప్పుడు ఏమీ తెలియదు. రాగం వాయిస్తే చెవికి గుచ్చుకుంటుంది. స్వరానికొక గ్లాసు రికార్డు చేశామని రాసిన లైబ్రరీకి ఎక్కువ డబ్బు ఇవ్వడంలో న్యాయం ఉంది.

ఒకే మీటను వెంటవెంటనే నాలుగుసార్లు నొక్కి చూడండి. నాలుగుసార్లూ అచ్చు ఒకేలా మొదలైతే అది యంత్రంలా వినిపిస్తుంది. నిజమైన వేలు ఒకసారి వెంటనే పట్టు దొరకబుచ్చుకుంటుంది, ఇంకోసారి కొద్దిగా కిచుమని జారి తర్వాత పలుకుతుంది. మంచి లైబ్రరీల్లో ఈ మొదలుకు రెండు మూడు రకాలు ఉంటాయి. వేలి రాపిడిని తగ్గించి పెంచే మీట విడిగా ఉంటే ఇంకా మంచిది. సున్నితమైన సీన్లలో ఆ రాపిడే మనిషి ఉన్నాడన్న భావం కలిగిస్తుంది, నేను దాన్ని ఎప్పుడూ పూర్తిగా తీసేయను.

స, ప కలిపి పట్టుకుని రెండింటి ఊపూ కలిసి నడుస్తోందా, విడివిడిగా నడుస్తోందా చూడండి. రెండు చేతులు రెండు గ్లాసులను వాయించినట్టు విడివిడిగా నడిస్తేనే సహజం. చివరగా మీట వదిలేయండి. వేలు తీసినా గాజు వెంటనే ఆగదు, సన్నగా మోగుతూ తగ్గుతుంది. టక్కున తెగిపోతే ఆ లైబ్రరీ తయారు చేసినవాళ్ళు తొందరపడ్డారన్నమాట.

శబ్దం పెంచడం తగ్గించడం దేనితో జరుగుతుందో కూడా చూసుకోండి. మీటను ఎంత గట్టిగా నొక్కామన్నది ఈ వాయిద్యానికి అర్థం లేని విషయం. రుద్దే వాయిద్యం కాబట్టి స్వరం నడుస్తుండగా పెరగాలి, తగ్గాలి. కీబోర్డు పక్కన ఉండే మాడ్ వీల్ అనే చక్రంతో ఆ పని చేయనిస్తే సరే. వెలాసిటీతో, అంటే మీట నొక్కిన బలంతో, మాత్రమే నడిచే లైబ్రరీని నేను పక్కన పెట్టేస్తాను.

ఇంట్లో సొంతంగా రికార్డు చేసుకోవడం

వీలున్నవాళ్ళకు నా మొదటి సలహా ఇదే. ఒక వారాంతం చాలు, మనది అని చెప్పుకునే నాదం దొరుకుతుంది.

గ్లాసు పల్చగా ఉండాలి, కాడ ఉండాలి, అంచు నునుపుగా ఉండాలి. టీ కొట్టు గ్లాసులాంటి మందపాటి గాజు వేలికి లొంగదు, నేను గంటసేపు ప్రయత్నించి వదిలేశాను. దుకాణంలోనే వేలితో మెల్లగా తట్టి చూడండి. ఎక్కువసేపు మోగిన గ్లాసు రుద్దితే కూడా పలుకుతుంది. చేతులు సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేలా మళ్ళీ నీళ్ళతో కడుక్కోవాలి. నూనె జిడ్డు ఏ కొంచెం ఉన్నా వేలు జారిపోతుంది. గ్లాసు మోగేదే వేలు క్షణక్షణం అతుక్కుని వదలడం వల్ల. అతుక్కోకపోతే నాదం లేదు. కొందరు వాయించేవాళ్ళు వేళ్ళకు కొంచెం సుద్దపొడి రాసుకుంటారు. ఒక చేత్తో గ్లాసు అడుగును బల్లకు అదిమి పట్టుకోండి.

నీళ్ళు పోసేకొద్దీ శ్రుతి కిందికి దిగుతుంది, పైకి ఎక్కదు. మొదట సగం వరకు పోసినా పెద్దగా మారదు, అంచుకు దగ్గరవుతున్న కొద్దీ ఒక్కో చెంచాకు బాగా మారుతుంది. ఎక్కువ కంపించేది అంచు దగ్గర గాజే కాబట్టి ఇలా జరుగుతుంది. కాబట్టి మీకు కావలసిన స్వరం కన్నా కొంచెం పైన మోగే ఖాళీ గ్లాసు ఎంచుకుని, ట్యూనర్ యాప్ చూస్తూ చివర్లో చెంచాతో, డ్రాపర్‌తో సరిచేసుకోండి.

గ్లాసు శబ్దం చిన్నది. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ అన్నీ ఆపాలి. హైదరాబాద్‌లో మా వీధిలో రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య మాత్రమే నాకు నిశ్శబ్దం దొరికింది. మైకు అడుగు దూరంలో, అంచు కన్నా కొంచెం పైన పెట్టాను. ఒక్కో గ్లాసును ఇరవై సెకన్లపాటు మూడుసార్లు రుద్దాను. వేలు ఒకే వేగంతో తిరగడం కోసం చెవిలో 60 మెట్రోనోమ్ పెట్టుకున్నాను, దెబ్బకు ఒక చుట్టు. అన్ని స్వరాల్లోనూ ఊపు ఒకేలా ఉండడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలియలేదు. చివర్లో వేలు తీసేసి నాదం పూర్తిగా ఆగే వరకు కదలకుండా ఉండాలి.

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియోలో ఇరవై సెకన్ల ఫైలు ఆరు ఎంబీలు కూడా ఉండదు. పన్నెండు గ్లాసులు, మూడేసి సార్లు, అంతా కలిపి 207 ఎంబీలు. జీబీల లెక్క చూసి బెదరక్కర్లేదని అందుకే అన్నాను. ఈ ఫైళ్ళను డీసెంట్ శాంప్లర్‌లోనో, ఎస్‌ఎఫ్‌జెడ్ రూపంలోనో అమర్చుకోవచ్చు. ఎస్‌ఎఫ్‌జెడ్ అంటే ఏ ఫైలు ఏ మీటకు అని రాసుకునే మామూలు టెక్స్ట్ ఫైలే. లూప్ పెట్టాల్సి వస్తే ఊపు ఒక శిఖరం దగ్గర మొదలుపెట్టి మరో శిఖరం దగ్గర ముగించి, క్రాస్‌ఫేడ్ (ఒకటి తగ్గుతుండగా ఇంకొకటి పెరిగేలా కలపడం) ఇవ్వండి.

మన సంగీతంలో వాడేటప్పుడు

కొన్న లైబ్రరీ 440 హెర్ట్జ్ ప్రమాణానికి, సమ విభజన శ్రుతికి (స్థాయిని పన్నెండు సమానమైన మెట్లుగా పంచేది) ఉంటుంది. పాడేవాళ్ళు ఒకటిన్నర శ్రుతిలోనో, అయిదున్నరలోనో పాడతారు. ట్రాన్స్‌పోజ్ నొక్కితే మీటలు మారి, ఆ స్వరానికి రికార్డు చేసిన గ్లాసే పలుకుతుంది, ఇబ్బంది లేదు. కానీ శ్రుతిలాగా నిలిపి పట్టుకుని, అందులో అంతర గాంధారం కూడా కలిపితే తేడా తెలుస్తుంది. కీబోర్డు గాంధారం మన సహజ గాంధారం కన్నా 14 సెంట్లు ఎక్కువ (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు). అదే పంచమంలో తేడా రెండు సెంట్లే. గ్లాసు నాదంలో చప్పుడు తక్కువ, నిలకడ ఎక్కువ కాబట్టి ఈ 14 సెంట్లు పాడేవాళ్ళను ఇబ్బంది పెడతాయి. ఒక్కో స్వరాన్ని విడిగా శ్రుతి చేసుకునే వీలున్న లైబ్రరీ అయితే మనకు ఉపయోగం. సొంత రికార్డింగ్ అయితే ఆ గ్లాసులో నీళ్ళు రెండు చెంచాలు ఎక్కువ పోస్తే సరిపోతుంది.

గమకం గ్లాసుతో కుదరదు. పిచ్ వీల్ తిప్పితే శ్రుతితో పాటు ఊపు వేగం కూడా మారి, చెవికి అబద్ధంలా వినిపిస్తుంది. తోడి, భైరవి లాంటి రాగాల ప్రధాన గీతం దీనికి ఇవ్వకండి. మోహనం, హంసధ్వనిలో నిలుపు స్వరాలు, లేదా పల్లవి చరణాల మధ్య నిలబడే స, ప ఇస్తే బాగుంటుంది. వేణువుతో కలిపి ఒకే వరస ఇవ్వడం కూడా నాకు నచ్చదు. రెండూ ఒకే చోట కూర్చుని ఒకదాన్నొకటి మూసేస్తాయి. మగ గొంతు కింద, పై స్థాయిలో పెడితే బాగా విడిపోతుంది. గ్లాసు నాదం ఎక్కువగా నాలుగైదు వందల హెర్ట్జ్ పైన ఉంటుంది కాబట్టి ఫోన్ స్పీకర్‌లో కూడా పోకుండా వినిపిస్తుంది. సినిమాలు ఫోన్‌లోనే చూస్తున్న ఈ రోజుల్లో అది చిన్న లాభం కాదు.

టైమింగ్ విషయం మర్చిపోకండి. స్వరం నిండుగా వినిపించడానికి కొంత సమయం పడుతుంది. తాళానికి సరిగ్గా నొక్కితే వెనకబడ్డట్టు ఉంటుంది. నేను ఆ ట్రాక్ మొత్తాన్ని 200 మిల్లీసెకన్లు ముందుగానే మొదలయ్యేలా జరుపుతాను. మొదటి క్షణాన్ని కత్తిరించి వేగంగా మొదలయ్యేలా చేయడం కన్నా ఇది ఎంతో మేలు, ఆ మొదటి క్షణం పోతే గ్లాసే పోతుంది.

ఆ షార్ట్ ఫిల్మ్ సీనుకి చివరికి వాడింది నేను రికార్డు చేసిన నాలుగు గ్లాసులే: స, రి, ప, పై స. రివర్బ్ కొద్దిగా, వేలి రాపిడి ఉన్నది ఉన్నట్టు. పాప నిద్రలో కదిలే చోట ప ఒక్కటి ఆపి రి పెట్టాను. దర్శకుడు విని ఏమీ అనలేదు, ఆ సీను మళ్ళీ ఒకసారి వేయమన్నాడు.